టెన్త్ మెమో లేని సర్పంచ్

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ మాట వినిపిస్తుంది. చిన్న ఉద్యోగానికి కూడా ఏం చదివావని అడుగుతారు, ఊరి డబ్బు ఖర్చు పెట్టే సర్పంచ్‌ని మాత్రం ఎందుకు అడగరు? 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పంచాయతీలకు ఐదేళ్ల గడువు తీరే సమయం వచ్చింది. దాంతో పాత వాదన మళ్లీ మొదలైంది. వేలిముద్ర వేసేవాళ్ల చేతికి చెక్ పవర్ ఇస్తే ఊరు ఏమవుతుందని అడిగేవాళ్లలో ఎక్కువమంది మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నారు. అందుకే సర్పంచ్‌కి కనీసం ఇంత చదువు ఉండాలనే నిబంధన ఇంతకుముందు ఎక్కడ పెట్టారో, ఎవరి మీద పడిందో చూడాలి.

ఢిల్లీలో నడిచిన డిగ్రీ గొడవ అందరికీ తెలుసు కాబట్టి ఒక్క విషయమే చెప్పి వదిలేస్తాను. 1978లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ పాసైనవారి రికార్డులు చూపించాలని కేంద్ర సమాచార కమిషన్ 2016లో ఆదేశించింది. ప్రధాని మోదీ చదువు మీద వచ్చిన వివాదంలో భాగం అది. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మార్కులు, డిగ్రీలు వ్యక్తిగత సమాచారమని చెప్పింది. ఆ పదవికి ఇంత చదువు ఉండాలని చట్టం అడిగి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదేమోనని కూడా అంది. చట్టం అలా అడగలేదు. ప్రధానికైనా, ముఖ్యమంత్రికైనా, ఎమ్మెల్యేకైనా మన రాజ్యాంగం ఏ క్లాసూ పాసవ్వాలని చెప్పలేదు. ఎన్నికల అఫిడవిట్‌లో ఏం చదివారో నిజం రాయాలి, అంతే. లేని ఎంబీఏ ఉందని రాసినందుకు మణిపూర్‌లో ఒక ఎమ్మెల్యే ఎన్నిక రద్దయింది, 2016లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అక్కడ తప్పు అబద్ధం చెప్పడం. చదువు లేకపోవడాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

మరి చదువు లేకపోవడమే అనర్హత ఎప్పుడైంది? 2014 డిసెంబరులో, రాజస్థాన్‌లో. పంచాయతీ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, శాసనసభలో చర్చ లేకుండా, ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సర్పంచ్‌కి ఎనిమిదో తరగతి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఐదో తరగతి, జిల్లా పరిషత్, పంచాయతీ సమితి సభ్యులకు పదో తరగతి ఉండాలంది.

అజ్మీర్ జిల్లా హర్మాడా పంచాయతీకి అప్పుడు సర్పంచ్ నోర్తీ బాయి. దళిత మహిళ. బడి మెట్లెక్కని మనిషి. 1980ల మొదట్లో కరువు పనుల్లో కనీస వేతనం కోసం తోటి కూలి ఆడవాళ్లను కూడగట్టింది. ఆ పోరాటమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కరువు పనులకైనా కనీస వేతనం ఇచ్చి తీరాలని 1983లో తీర్పు వచ్చింది. పెద్దయ్యాక చదవడం, రాయడం నేర్చుకుంది. తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీలో కంప్యూటర్ నేర్చుకుంది. 2010లో సర్పంచ్ అయింది. కంప్యూటర్ మీద పని చేసే ఆ సర్పంచ్‌కి 2015 జనవరిలో మళ్లీ నిలబడే అర్హత లేకుండా పోయింది. పని రాక కాదు, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేక. ఈ విషయంలో నా ఆలోచన మొదలయ్యేది ఆవిడ దగ్గరే.

ఆ ఏడాదే హర్యానా ఇంకో అడుగు ముందుకేసింది. 2015 సెప్టెంబరులో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి మగవాళ్లకు పదో తరగతి, ఆడవాళ్లకూ ఎస్సీ మగవాళ్లకూ ఎనిమిది, పంచ్ పదవికి పోటీ చేసే ఎస్సీ మహిళలకు ఐదు పెట్టింది. పంచ్ అంటే మన వార్డు మెంబరు లాంటి పదవి. ఇంట్లో వాడుకలో ఉన్న మరుగుదొడ్డి ఉండాలి, సహకార బ్యాంకు అప్పు, కరెంటు బిల్లు బకాయి ఉండకూడదు అనే షరతులు కూడా చేర్చింది. ముగ్గురు దాన్ని సవాలు చేశారు. అదే రాజ్‌బాలా కేసు. సుప్రీంకోర్టు మొదట చట్టాన్ని ఆపింది. 2015 డిసెంబరు 10న మాత్రం అది చెల్లుతుందని తీర్పిచ్చింది. ఈ రోజు మనం వింటున్న వాదన అంతా ఆ తేదీ నుంచే బలం తెచ్చుకుంది. అప్పటిదాకా రచ్చబండ మీద మాటగా ఉన్నది ఆ రోజు న్యాయసూత్రం అయింది.

తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు: జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ అభయ్ మనోహర్ సప్రే. తప్పుకీ ఒప్పుకీ, మంచికీ చెడుకీ తేడా తెలుసుకునే శక్తిని మనిషికి ఇచ్చేది చదువు ఒక్కటేనని అందులో రాశారు. పంచాయతీ బాధ్యతలు సరిగా మోయాలంటే కనీస చదువు ఉండాలనుకోవడం సమంజసమే అన్నారు. సర్పంచ్‌కి చదువు లేకపోతే ఎవరో చూపించిన కాగితం మీద సంతకం పెడతాడనే వాదనలో నిజం లేకపోలేదు. మన దగ్గర కార్యదర్శి రాసిన తీర్మానం ఏమిటో తెలియకుండా సంతకం చేసి, తర్వాత ఆడిట్‌లో ఇరుక్కున్న సర్పంచ్‌లు ఉన్నారు. ఎన్నికైన ఆడవాళ్ల పేరు మీద భర్తలు పెత్తనం చేయడం ప్రతి మండలంలో చూస్తున్నదే. కానీ టెన్త్ పాసైన భార్య గెలిచిన చోట కూడా ఆ కుర్చీలో భర్తే కూర్చోవడం మనం చూడలేదా?

ఇక ఎవరి మీద పడింది అన్న లెక్క. హర్యానా పల్లెల్లో ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 43 శాతం మందికి ఈ చట్టంతో పోటీ చేసే అర్హత పోయింది. ఇది కోర్టు ముందున్న అంకెల్లోంచి తేలిన మాటే. ఎస్సీ మహిళల్లో 68 శాతం మందికి అర్హత పోతుందని పిటిషనర్లు చెప్పారు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ ఎవరి కోసమైతే కుర్చీలు కేటాయించిందో, వాళ్లనే ఆ కుర్చీకి దూరం చేసిన అంకె ఇది.

వాళ్లు ఎందుకు చదువుకోలేదో కూడా అడగాలి. 2015లో యాభై ఏళ్లున్న మహిళ బడికి వెళ్లాల్సిన వయసు 1971 ప్రాంతం. ఆ ఏడాది జనాభా లెక్కల్లో దేశంలో ఆడవాళ్ల అక్షరాస్యత సుమారు 22 శాతం. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, అదీ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. సర్పంచ్‌గా పోటీ చేయడానికి కనీస వయసు 21. అంటే 2016 జనవరిలో హర్యానాలో జరిగిన ఎన్నికల్లో నిలబడే వయసున్న ఒక్కరికి కూడా చిన్నప్పుడు ఆ చట్టం అండ లేదు. బడి పెట్టనిది ప్రభుత్వం, శిక్ష పడింది బడి లేని మనిషికి.

సర్పంచ్ దగ్గరే ఈ నిబంధన ఎందుకు ఆగింది? జవాబు రాజ్యాంగంలోనే ఉంది. 243ఎఫ్ అధికరణం పంచాయతీ సభ్యుల అనర్హతలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలకు ఇచ్చింది. ఎమ్మెల్యేలకు అదనపు అర్హతలు పెట్టాలంటే 173వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. పార్లమెంటు తన సభ్యులకూ పెట్టలేదు, ఎమ్మెల్యేలకూ పెట్టలేదు. తన సభ్యులు ఏ క్లాసూ పాసవ్వాల్సిన అవసరం లేని రాష్ట్ర శాసనసభ, ఊరి వార్డు మెంబరును సర్టిఫికెట్ అడిగింది. ఇలాంటి నిబంధన పెట్టి ఉంటే చదువు మధ్యలో ఆపేసిన కామరాజ్ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యేవారా? డిగ్రీ ఉండాలని ఇప్పుడు అడుగుతున్నవాళ్లు నీలం సంజీవరెడ్డిని గుర్తు చేసుకోవాలి. అనంతపురం కాలేజీ చదువు వదిలి ఉద్యమంలోకి వెళ్లిన ఆయన 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభలో రాజేంద్ర ప్రసాద్, శాసనసభ్యులకు కొన్ని అర్హతలు పెట్టి ఉంటే బాగుండేదని బాధపడ్డారు. చదువు అర్హత కావాలనేవాళ్లు తరచూ ఎత్తిచూపేది ఈ మాటనే. శీలాన్ని కొలిచే కొలబద్ద లేదని అదే ప్రసంగంలో ఆయన ఒప్పుకున్న సంగతి మాత్రం వదిలేస్తుంటారు. దానికి మూడు రోజుల ముందు, నవంబరు 23న, అదే సభలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మాట్లాడారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన మనిషి, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడు. జనంలో ఇంత నిరక్షరాస్యత ఉన్నా సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే వయోజన ఓటు హక్కును ఒప్పుకున్నామని ఆయన చెప్పారు. రెండేళ్ల తర్వాత తీసిన 1951 లెక్కల్లో దేశ అక్షరాస్యత 18 శాతం పైచిలుకు. ఆ దేశాన్ని చూస్తూనే ఆయన ఆ మాటన్నారు. రాజ్‌బాలా తీర్పు ఇచ్చిన జస్టిస్ చలమేశ్వర్‌ది కృష్ణా జిల్లా మొవ్వ మండలం పెదముత్తేవి. పూడూరులో పుట్టిన పెద్దాయన 1949లో పెట్టుకున్న నమ్మకాన్ని పెదముత్తేవిలో పుట్టిన పెద్దాయన 2015లో పక్కన పెట్టారనే అనిపిస్తుంది నాకు. జస్టిస్ చలమేశ్వర్ ఇతర తీర్పుల మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఈ ఒక్కటీ ఎక్కువ బాధ పెడుతుంది.

ఆ తీర్పు తర్కం మీద తర్వాత సుప్రీంకోర్టులోనే ప్రశ్న వచ్చింది. ఏకపక్షంగా ఉందన్న ఒక్క కారణంతో చట్టాన్ని కొట్టేయలేమని రాజ్‌బాలా కేసులో అన్నారు. 2017 ఆగస్టులో ట్రిపుల్ తలాక్ కేసులో జస్టిస్ నారిమన్ ఆ మాట ఇక చెల్లదని, రాజ్‌బాలా కేసు పేరు పెట్టి మరీ రాశారు. రాజస్థాన్‌లో ప్రభుత్వం మారాక 2019 ఫిబ్రవరిలో చదువు నిబంధనను తీసేశారు. హర్యానా తీయలేదు, 2022 పంచాయతీ ఎన్నికలు కూడా అదే నిబంధనతో జరిగాయి.

మన రెండు రాష్ట్రాల పంచాయతీ చట్టాల్లో చదువు షరతు లేదు. కానీ ఇలాంటి ఇంకో షరతుతో మనం ముప్పై ఏళ్లు బతికాం. ఇద్దరు పిల్లల నిబంధన. 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. అప్పుడు కూడా ఊరి మంచి కోసమే అన్నారు. హర్యానాలో అలాంటి నిబంధననే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది, రాజ్‌బాలా తీర్పు దాన్నీ ఆసరా చేసుకుంది. ఇప్పుడు జననాల రేటు పడిపోతోందని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో, తెలంగాణ 2025లో ఆ నిబంధనను ఎత్తేశాయి. ఈలోగా మూడో బిడ్డ పుట్టిందని నామినేషన్ వేయలేకపోయినవాళ్లకు, వేసినా పరిశీలనలో పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఎన్నికలు తిరిగి రావు.