మహమ్మారిలో చెన్నై ఓటు: అసలు లెక్క క్యూలో ఉంది

2021 ఏప్రిల్ 6న, కొవిడ్ మధ్యలో, తమిళనాడు శాసనసభకు ఓటేసిన మన చెన్నై తెలుగువాళ్లని ఆ రోజు గురించి అడగండి. పెరంబూరు వాళ్లయినా, టీనగర్ వాళ్లయినా ముందు చెప్పేది గ్లౌజు గురించే. బడి గేటు దగ్గర జ్వరం చూసే థర్మల్ గన్, చేతిలో కాస్త శానిటైజర్, ఆపైన పల్చటి ప్లాస్టిక్ గ్లౌజు. సిరా పెట్టేది ఎడమ చూపుడు వేలికి కాబట్టి ఆ చెయ్యి ఖాళీగా ఉండాలి. సంతకం చేసేది, ఈవీఎం మీట నొక్కేది గ్లౌజు తొడిగిన కుడిచేత్తో. మనిషిని గుర్తుపట్టడానికి అధికారి అడిగితే ఒక్క క్షణం మాస్కు కిందికి దించాలి.

ఇవన్నీ కళ్లకు కనిపించిన జాగ్రత్తలు. నా దృష్టిలో వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, ఇంకొకటుంది. అది క్యూ పొడవు.

ఎన్నికల సంఘం 2020 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో బూత్‌కి ఓటర్ల పరిమితిని 1,500 నుంచి 1,000కి తగ్గించింది. దాంతో 2016లో 66,007గా ఉన్న తమిళనాడు పోలింగ్ కేంద్రాలు 2021కి 88,937 అయ్యాయి. పోలింగ్ సమయం కూడా ఒక గంట పెరిగి ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా అయింది.

చూడటానికి చిన్న మార్పులే. లెక్క వేసి చూడండి. 1,500 మంది ఉన్న బూత్‌లో 70 శాతం మంది వస్తే 1,050 మంది. 11 గంటల్లో అంటే సగటున 38 సెకన్లకి ఒకరు. అదే 1,000 మంది ఉన్న బూత్‌లో 700 మంది, 12 గంటలు. సుమారు 62 సెకన్లకి ఒకరు. ఒక్కొక్కరికి లోపల 35 సెకన్లు పడుతుందనుకుందాం. మొదటి బూత్ 100లో 93 వంతుల సేపు బిజీగా ఉంటుంది, రెండోది 57 వంతులే. జనం ఒక పద్ధతిలో రారు, నలుగురు ఒకేసారి వస్తారు, తర్వాత కాసేపు ఎవరూ ఉండరు. అలాంటి రాకపోకలకి క్యూ సిద్ధాంతంలో ఉన్న సులువైన సూత్రం పెడితే, మొదటి బూత్ దగ్గర ఎప్పుడు చూసినా సగటున 13 మంది ఉంటారు. రెండో దాని దగ్గర ఒకరో ఇద్దరో. ఓటర్లు మూడో వంతు తగ్గి, ఒక గంట సమయం పెరిగితే క్యూ పదో వంతుకి పడిపోయింది! పండగ ముందురోజు టోల్‌గేట్ దగ్గర జరిగేదీ ఇదే: బండ్లు కొంచెం పెరిగితే చాలు, వరస కిలోమీటరు సాగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు జరిగింది అమెరికాలో. 2020 ఏప్రిల్ 7న విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) నాడు సిబ్బంది దొరక్క, మిల్వాకీ నగరంలో మామూలుగా 180 దాకా ఉండే పోలింగ్ కేంద్రాలు 5కి తగ్గిపోయాయి. జనం గంటల తరబడి బారులు తీరారు. ఆ తర్వాత వారమే, ఏప్రిల్ 15న, దక్షిణ కొరియా గ్లౌజులు, జ్వరం తనిఖీలతో ఎన్నిక జరిపింది. ముందస్తు ఓటింగ్ కూడా ఉండటంతో రద్దీ విడిపోయింది. పోలింగ్ 66 శాతం దాటింది.

మరి గ్లౌజు సంగతి? విచిత్రంగా, చెన్నై పోలింగ్‌కి సరిగ్గా ఒక రోజు ముందు, ఏప్రిల్ 5న, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక వివరణ ఇచ్చింది. వైరస్ అంటిన వస్తువుని ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువని. అసలు ప్రమాదం గాలిలో ఉంది. తలుపులు మూసిన గదిలో ఎక్కువసేపు ఉండటంలో ఉంది. థర్మల్ గన్ కూడా అంతే. లక్షణాలు బయటపడకముందే వైరస్‌ని అంటించగలిగే మనిషి దానికి దొరకడు. అందుకే బూత్‌కి గది ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది కిటికీలు ఎన్ని ఉన్నాయి, గాలి ఇటు నుంచి అటు పోతుందా అని. ఓటరు ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాడు. పోలింగ్ అధికారి పన్నెండు గంటలు అక్కడే కూర్చోవాలి.

పోలింగ్ 72 శాతం దాటింది కాబట్టి రాష్ట్రమంతటా వాడిపారేయాల్సిన గ్లౌజులు దాదాపు నాలుగున్నర కోట్లు. వాటిని ఎత్తేది ఎవరు? చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మనల్ని పెద్దగా కాపాడని గ్లౌజు వాళ్లకి మాత్రం అదనపు చాకిరీ. మళ్లీ ఇలాంటి ఎన్నిక వస్తే ఆ ఖర్చు మంచి మాస్కుల మీద పెట్టాలని, అవి ముందు వాళ్లకీ బూత్ సిబ్బందికీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొవిడ్ వచ్చినవాళ్ల ఓటు హక్కుని మాత్రం బాగానే కాపాడారు. అప్పట్లో 80 ఏళ్లు దాటినవాళ్లు, వికలాంగులు, కొవిడ్ రోగులు 12డి ఫారం నింపి పోస్టల్ బ్యాలెట్ తీసుకునే వీలుండేది. అలా తీసుకోని రోగులకి సాయంత్రం 6 నుంచి 7 దాకా చివరి గంట. ఎంపీ కనిమొళి కొవిడ్‌తో ఉండి, పీపీఈ కిట్ వేసుకుని మైలాపూరులో ఓటేసింది ఆ గంటలోనే.

బూత్‌లో ఇంత లెక్క చూసుకున్న వ్యవస్థ, ప్రచారంలో చేతులెత్తేసింది. ఫిబ్రవరి 26న షెడ్యూల్ వచ్చింది మొదలు అన్ని పార్టీల సభలకీ జనం కిక్కిరిసి వచ్చారు, మాస్కులు గడ్డాల కింద ఉండిపోయాయి. ఇంటింటి ప్రచారానికి ఐదుగురే వెళ్లాలన్న నియమం ఉన్నా, అది ఎక్కువగా కాగితం మీదే మిగిలింది. మార్చి మొదట్లో రాష్ట్రంలో రోజుకి 500 దాకా ఉన్న కొత్త కేసులు పోలింగ్ నాటికి 3,500 దాటాయి, మే మూడో వారంలో 36,000 దాటాయి. ఇదంతా ఎన్నికల వల్లే అనలేం. శాసనసభ ఎన్నికలే లేని ఢిల్లీ, కర్ణాటక కూడా అల్లాడిపోయాయి. డెల్టా రకం వేగం అలాంటిది. కానీ గాలిలో పాకే జబ్బుకి వేలమంది గొంతెత్తి అరిచే సభ కంటే అనువైన చోటు ఏముంటుంది?

ఓట్ల లెక్కింపు వచ్చేసరికి అందరూ మేల్కొన్నారు. ఏప్రిల్ 26న మద్రాస్ హైకోర్టు ఎన్నికల సంఘాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. మరునాడే విజయోత్సవ ఊరేగింపుల మీద నిషేధం వచ్చింది. లెక్కింపు హాల్లోకి వెళ్లాలంటే కొవిడ్ లేదన్న రిపోర్టయినా ఉండాలి, రెండు డోసుల టీకా అయినా వేసుకుని ఉండాలి అన్నారు. మే 2న క్వీన్ మేరీస్, లయోలా కాలేజీలు, అన్నా యూనివర్సిటీ లోపల అంతా పద్ధతిగానే నడిచింది. అదే రోజు తేనాంపేటలో, గెలిచిన పార్టీ ఆఫీసు ముందు రోడ్డు మీద, జనం గుంపుగా చేరి టపాకాయలు కాల్చారు.