ఓక్ ఆకును తిరగేసి చూడండి

చిరంజీవులు చిన్నూ, బుజ్జీలకు తాతయ్య ఆశీస్సులు.

ఎండాకాలం మీ కాలిఫోర్నియా కొండల మీద గడ్డంతా ఎండిపోయినా ముదురు ఆకుపచ్చగా, గుబురుగా ఉండే చెట్లేమిటని అడిగారు కదా. తీరం వెంట కనిపించేవి ఎక్కువగా కోస్ట్ లైవ్ ఓక్‌లు. శాస్త్రీయ నామం క్వెర్కస్ అగ్రిఫోలియా. చాలా ఓక్‌లు చలికాలంలో ఆకంతా రాల్చేస్తాయి. ఇది ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. ఓక్‌లాండ్ ఊరికి ఆ పేరొచ్చింది ఈ చెట్ల వల్లే.

ఒక ఆకు కోయండి. అంచున చిన్న చిన్న ముళ్ళు తగులుతాయి. అంచులు కిందికి వంగి, బోర్లించిన దొప్పలా ఉంటుంది. ఇప్పుడు తిరగేసి, నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు చీలే మూలల్లో చూడండి. అక్కడ సన్నటి నూగు కుచ్చులుగా కనిపిస్తుంది. అదే అసలు గుర్తు. ఇంటీరియర్ లైవ్ ఓక్ అని ఇంకోటుంది. దాని ఆకు చదునుగా ఉంటుంది, ఈ కుచ్చులుండవు. దాని కాయ ముదరడానికి రెండేళ్ళు పడుతుంది, దీనికి ఒక్క ఏడాది చాలు.

కాయలు సెప్టెంబరు నుంచి రాలతాయి. ఏరుకొచ్చి నీళ్ళలో వేయండి. తేలినవి పుచ్చువి, పారేయండి. మునిగినవాటిని మాత్రం ఎండనివ్వొద్దు, ఎండితే మొలవవు. వానలు మొదలవగానే అంగుళం, రెండంగుళాల లోతులో పక్కకి పడుకోబెట్టి నాటండి. కుండీలో వద్దంటాను. ఆకు రాకముందే తల్లివేరు లోతుకు దిగుతుంది, కుండీ అడుగున అది చుట్టలు చుట్టుకుపోతుంది. ఉడతలు, గోఫర్లు (నేలలో బొరియలు చేసే ఎలుకల్లాంటివి) తవ్వుకుపోకుండా చుట్టూ, అడుగునా ఇనుప జాలీ పెట్టించండి.

అమ్మకు రోజూ మొక్కలన్నిటికీ నీళ్ళు పోసే అలవాటు. ఈ మొక్కకి మొదటి రెండు మూడు వేసవులు అప్పుడప్పుడూ లోతుగా పోస్తే చాలు. అక్కడ వాన చలికాలంలోనే పడుతుంది, వేసవంతా పొడి. చెట్టు ఆ పద్ధతికే అలవాటుపడింది. పెద్ద చెట్టు మొదలు చుట్టూ పచ్చిక వేసి వేసవిలో రోజూ తడిపితే, వెచ్చటి తడిలో బూజు పుట్టి వేళ్ళు కుళ్ళిపోతాయి. రెండు వందల ఏళ్ళు నిలవగల చెట్టును అలా చంపుకుంటుంటే నాకు చాలా బాధేస్తుంది.

కాయల్ని పచ్చివి కొరక్కండి, చేదు. అక్కడి ఆదివాసులు ఓలోనీలు వాటిని దంచి, నీళ్ళతో చేదు పోయేదాకా కడిగి జావ కాచుకునేవారు.

కొమ్మలు బాగా వెడల్పుగా పరుచుకుంటాయి కాబట్టి ఇంటికి దూరంగా చోటు చూడాలి. మీ నాన్నతో కలిసి పెరడు కొలిచి, ఎక్కడ నాటుతారో నాకు రాయండి.

మీ తాతయ్య