గ్రహణం నాటి గడప దాటి: తిరుపతిలో ఆకాశ వీక్షణానికి వెనుక కథ

గ్రహణం పట్టే వేళ తిరుమల ఆలయం తలుపులు మూస్తారు. తిరుపతికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తిలో మాత్రం తలుపులు తెరిచే ఉంటాయి, అభిషేకాలు జరుగుతాయి. ఈ రెండు ఆచారాల నడుమ పెరిగిన ఊళ్లో ఇప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని గ్రహణం చూడడానికి మేడ ఎక్కే కుటుంబాలూ ఉన్నాయి, టెలిస్కోపు పెట్టిన చోట వరుసలో నిలబడే జనమూ ఉన్నారు. ఈ ఆసక్తి అంతా చంద్రయాన్‌తోనే పుట్టిందనుకోవడం తొందరపాటు.

ఆకాశాన్ని చదవడం ఇక్కడి రైతుకు ఏనాడూ కొత్త కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలాన్ని కార్తె అని పిలిచి, 27 కార్తెలతో ఏడాదిని లెక్కగట్టి, వాటిని బట్టే దుక్కులూ విత్తనాలూ చూసుకున్న సేద్యం ఇది. తెల్లవారుజామున మెరిసే శుక్రుడు వేగుచుక్క అయ్యాడు, కృత్తికల గుంపు పిల్లలకోడి అయింది. రాహుకేతువులు సైతం జ్యోతిర్గణితంలో చంద్రుని దారీ సూర్యుని దారీ ఖండించుకునే రెండు బిందువులే. పంచాంగకర్త గ్రహణ సమయం కట్టేది వాటి ఆధారంగానే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపట రేఖలు, అంటే కాంతిని రంగులుగా విడదీసినప్పుడు కనిపించే గీతలు, ఎంతో కాంతివంతంగా ఉండడం గమనించి, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని గ్రహించారు, మర్నాడే చూశారు కూడా. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన పసుపు రేఖే హీలియం జాడ. అయితే అదంతా పండితుల మధ్య జరిగిన పని. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా చుక్కలా సాగిపోవడాన్ని, సామాన్యులకు వివరిస్తూ దేశభాషల్లోనూ చిన్న పుస్తకం వెలువరించారు. ఈనాటి వీక్షణ శిబిరాలకు నా దృష్టిలో మూలపురుషుడు ఆయనే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం కోసం హైదరాబాదు దగ్గరి రంగాపూర్ అబ్జర్వేటరీకి శాస్త్రవేత్తలు చేరుకుంటే, ఊళ్లలో వీధులు బోసిపోయాయి. కళ్లు దెబ్బతింటాయన్న హెచ్చరిక నిజమే. కానీ సౌర కళ్లద్దాలతోనో, సూదిబెజ్జం గుండా గోడ మీద పడే బింబంతోనో క్షేమంగా చూడవచ్చని నేర్పే మనుషులు అప్పటికి తక్కువ. ఆ లోటు తరువాతి గ్రహణాలకు మెల్లమెల్లగా తీరింది.

దగ్గరి చరిత్ర కూడా ఉంది. ఒకనాడు చిత్తూరు కేంద్రంగా సాగిన ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండల్లో, కావలూరు వద్ద, హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1960లలో అబ్జర్వేటరీకి పునాది వేశారు, అక్కడి 2.34 మీటర్ల వ్యాసపు అద్దమున్న టెలిస్కోపు 1986లో ప్రారంభమైంది. అలిపిరి వైపు ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో తారామండలం వచ్చింది. 2022 పునర్విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది; మరుసటి ఏడాది ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు ‘మన జిల్లా నుంచి వెళ్లిందే’ అని చెప్పుకునే వీలు ఇక్కడి పిల్లలకు దక్కింది.

టెలిస్కోపు దగ్గర మాత్రం చూపు గొప్పలకు లొంగదు. శని గ్రహం కటకంలో కందిగింజంత కనిపిస్తుంది, వలయం సన్నని గీతలా ఉంటుంది. 2025 మార్చిలో దాని అంచు మనవైపు తిరిగి దాదాపు మాయమైంది. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక, గొట్టాన్ని ఎవరో ఒకరు కాస్త కాస్త జరుపుతూ ఉండకపోతే, వరుసలో తరువాతి పిల్లవాడు స్టూలెక్కి కన్ను ఆనించే లోపే ఆ గింజ పక్కకు జారిపోతుంది.