తుక్కు కార్లే ఊరికి గుర్తు: కార్‌హెంజ్ నేపథ్యం

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి పడమటి కొసన ఉంది బాక్స్ బ్యూట్ కౌంటీ. గోధుమ పొలాలు, పశువుల మేతబీళ్ళు, రైల్వే పని. కౌంటీ మొత్తం కలిపినా జనం సుమారు 11 వేలే. అక్కడి అలయన్స్ పట్నానికి ఉత్తరాన, పొలాల నడుమ 39 పాత కార్లు బూడిద రంగు పూసుకుని వలయంగా నిలబడ్డాయి. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాతి వలయానికి నకలు కాబట్టి దీన్ని కార్‌హెంజ్ అంటారు.

చూసినవాళ్ళు సరదా కట్టడం అనుకుంటారు గానీ, దీని పుట్టుక ఒక తండ్రి చావుతో ముడిపడి ఉంది. ఆ పొలంలో బతికిన రైండర్స్ కుటుంబ పెద్ద 1982లో పోయాడు. అంత్యక్రియలకు చేరినవాళ్ళంతా ఐదేళ్ళ తర్వాత మళ్ళీ కలిసి ఆయన జ్ఞాపకంగా ఏదైనా కట్టాలనుకున్నారు. కొడుకు జిమ్ రైండర్స్ ఇంగ్లండులో పనిచేసిన రోజుల్లో స్టోన్‌హెంజ్‌ను శ్రద్ధగా పరిశీలించినవాడు. నమూనా అక్కడి నుంచే వచ్చింది. 1987 జూన్‌లో సుమారు 35 మంది బంధువులు పొలంలో దిగారు. ఐదడుగుల గోతులు తవ్వి, డిక్కీలు కిందికి వచ్చేలా కార్లను నిలబెట్టారు. కొన్నింటిని పైకెత్తి అడ్డంగా పెట్టి వెల్డింగ్ చేశారు. వలయం అడ్డుకొలత దాదాపు 96 అడుగులు, అసలు దానికి దగ్గరగా. స్టోన్‌హెంజ్‌లో విడిగా నిలిచే హీల్ స్టోన్ స్థానంలో 1962 నాటి కాడిలాక్‌ను ఉంచారు. పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజున ప్రారంభించారు.

రాతి కట్టడం కొలతల్ని అంత పట్టుదలగా పాటించిన పనిని చెత్త అనడం నా దృష్టిలో అన్యాయం. కానీ ఊళ్ళో చాలామందికి అది కంటగింపే అయింది. పీకేయించాలన్న ప్రయత్నమూ జరిగింది. దాన్ని అడ్డుకుని కాపాడినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. ‘ఫ్రెండ్స్ ఆఫ్ కార్‌హెంజ్’ పేరుతో సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూశారు. చుట్టుపక్కల మరికొన్ని కార్ల శిల్పాలూ వెలిశాయి. వాటిలో ‘ఫోర్డ్ సీజన్స్’ రైండర్స్ చేసిందే. అన్నీ ఫోర్డు కార్లే. గోధుమ విత్తిన దగ్గర్నుంచి పొలం బీడుగా మిగిలే శీతాకాలం దాకా ఆ నేల రుతువుల్ని అందులో చూపించాడు.

2013లో ఆ సంఘం కార్‌హెంజ్‌ను అలయన్స్ పట్నానికే అప్పగించింది. 2017 ఆగస్టు 21న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా దాని మీదుగా సాగినప్పుడు వేలమంది వచ్చారు. చూడటానికి టికెట్టు లేదు. రాయికి లేని తుప్పు బాధ ఇనుముకు ఉంది కాబట్టి, కార్లకు మళ్ళీ మళ్ళీ రంగు వేయించే పని ఇప్పుడు పట్నానిదే.