యువ రైతుకు సర్కారు సాయం: మా టేబుల్ ముందు రోజూ వినిపించే అపోహలు

రాజేంద్రనగర్‌లో మాది చిన్న ఆఫీసు. గొర్రెల షెడ్డు, పాల డెయిరీ, నూనె గానుగ లాంటి యూనిట్లకు ప్రాజెక్టు రిపోర్టులు రాసి, ఫైలును బ్యాంకు దాకా నడిపించడం మా పని. శనివారం వస్తే చాలు, జిల్లాల బస్సులు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చే కుర్రాళ్లు ఉంటారు. చేతిలో ఫోను, ఫోనులో ఏదో వీడియో. "సార్, సగం సబ్సిడీ అంటున్నాడు, నిజమేనా?" అనే మొదలుపెడతారు. సగం నిజమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సబ్సిడీ డబ్బు ముందే చేతికొస్తుంది, దాంతో పని మొదలుపెట్టొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది ఇదే. పశుపోషణకు కేంద్రం నడిపే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 100 ఆడ గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు ఖర్చులో సగం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉంది. కానీ అది రెండు విడతల్లో వస్తుంది. ముందు మీ వాటా డబ్బు పెట్టాలి, బ్యాంకు లోన్ విడుదల కావాలి, షెడ్డు లేవాలి, అధికారులు వచ్చి చూసి వెళ్లాలి. ఆ తర్వాతే మొదటి విడత. యూనిట్ పూర్తిగా నిలబడ్డాక రెండోది. ఈలోగా వడ్డీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

వ్యవసాయం చదివినవాళ్లు సొంత యూనిట్ పెట్టుకోవడానికి, మా రాజేంద్రనగర్‌లోనే ఉన్న మేనేజ్ అనే కేంద్ర సంస్థ చూసే అగ్రి క్లినిక్స్ పథకంలో పద్ధతి వేరు. 36 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 44 శాతం సబ్సిడీ. అది మీ చేతికి రాదు. బ్యాంకు విడిగా ఉంచి, చివర్లో లోన్‌లో సర్దుతుంది. ఆ మొత్తం మీద వడ్డీ వేయకపోవడమే మీకు లాభం.

నా తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో నేను రాసిన రిపోర్టుల్లో ప్రతి గొర్రే ఈనేది, ఒక్కటీ చచ్చేది కాదు. కాగితం మీద లాభం చూస్తే నాకే గొర్రెలు పెట్టాలనిపించేది. అలాంటి రిపోర్టుతో మొదలైన ఒక మందకు తొలి వానాకాలంలోనే నీలి నాలుక రోగం వచ్చింది. రెండో విడత ఇంకా రాలేదు, వాయిదా మాత్రం వచ్చేసింది. ఆ ఇంట్లో రెండు బర్రెలు అమ్మి కట్టారు. అప్పటి నుంచి నా రిపోర్టుల్లో మరణాల లెక్క, టీకాల ఖర్చు, ఆరు నెలల వడ్డీకి పక్కన పెట్టాల్సిన డబ్బు తప్పనిసరిగా ఉంటాయి. లాభం తగ్గి కనిపిస్తుంది. కొందరు మొహం చిన్నబుచ్చుకుని వేరే చోటికి వెళ్లిపోతారు కూడా.

అపోహ: వయసు తక్కువైతే చాలు, యువ రైతు కింద సాయం వస్తుంది.

మన దగ్గర సాయం చాలావరకు వయసును చూడదు, పాస్‌బుక్‌ను చూస్తుంది. దున్నేది కొడుకు, పట్టా నాయిన పేరు మీద. తెలంగాణ ఇచ్చే రైతు భరోసా ఎకరానికి ఏటా 12,000 ఆ పట్టాను బట్టే పడుతుంది. 5 లక్షల రైతు బీమా కూడా పట్టాదారుకే, అదీ 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటేనే. ఇప్పుడు లెక్క చూడండి. నాయినకు 62, ఆయనకు వయసు దాటింది. కొడుక్కి 27, అతనికి పట్టా లేదు. ట్రాక్టర్ ఎక్కేది, రాత్రిపూట మోటారు వేయడానికి పోయేది ఆ కొడుకే. ఆ ఇంట్లో బీమా ఎవరికీ లేదు.

అందుకని మొత్తం భూమిని కొడుకు పేరు మీద ఎక్కించండి అని నేను చెప్పను. పీఎం కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూమికి, యజమాని చనిపోయి వారసత్వంగా వస్తే తప్ప, ఏటా ఇచ్చే 6,000 రాదు. నాయిన బతికుండగా మొత్తం గిఫ్ట్ డీడ్ చేస్తే ఆయనకు ఆగిపోతుంది, కొడుక్కి మొదలు కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సేద్యానికి వెళ్లేవాళ్లకు ఇంకో మెలిక. కిందటి అసెస్‌మెంట్ ఏడాది ఆదాయపు పన్ను కట్టి ఉంటే దీనికి అనర్హులే.

ఒకసారి వికారాబాద్ వైపు నుంచి తండ్రీ కొడుకులు వచ్చారు. పాస్‌బుక్‌ను పాల ప్యాకెట్ల కవర్లో చుట్టి, దానికి రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు పెద్దాయన. నేను మాట్లాడుతున్నంతసేపూ దాన్ని టేబుల్ మీద పెట్టలేదు, ఒళ్లోనే ఉంచుకున్నారు. చివరికి, "వాని పేరు మీద ఎక్కిస్తే రేపు నన్నెవరు చూస్తరు సార్?" అన్నారు. కొడుకు నేల చూస్తున్నాడు. అది ఊరికే వచ్చే భయం కాదు. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమే తెచ్చుకున్న దేశం మనది. నన్ను చూసుకోవాలన్న షరతును గిఫ్ట్ డీడ్‌లో స్పష్టంగా రాయిస్తే, కొడుకు మాట తప్పినప్పుడు ఆ చట్టం కింద డీడ్‌ను రద్దు చేయమని అడగొచ్చు. ఆ వాక్యం రాయించకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. ఆ రోజు ఐదెకరాల్లో ఒక ఎకరం మాత్రం మార్చేలా మాట్లాడుకున్నారు.

అపోహ: భూమి లేకపోతే బ్యాంకు గుమ్మం కూడా తొక్కనివ్వరు.

రూల్ ప్రకారం కౌలుదారులు, నోటిమాట కౌలు చేసేవాళ్లు, ఉమ్మడి పూచీ గ్రూపులు కూడా కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హులే. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. పశువులకు, చేపలకు కూడా ఈ కార్డు ఉంది. అమలు మాత్రం మేనేజర్‌ను బట్టి ఉంటుందనేది అందరికీ తెలిసిందే. కౌలు కాగితం రాయడానికి యజమానులు ఒప్పుకోరు, భూమి పోతుందేమోనని భయం. ఒక్కరుగా పోయి నిలబడే బదులు ఐదారుగురు గ్రూపుగా వెళ్తే మాట కాస్త ఎక్కువ వింటారని నా అనుభవం.

అపోహ: లోన్ తిరగ్గొట్టారంటే లంచం కోసమే.

అదీ ఉంటుంది, లేదనను. కానీ నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ ఆగింది సిబిల్ దగ్గర, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు దగ్గర. ఫోన్ ఈఎంఐ రెండు నెలలు ఎగ్గొట్టడం, ఫ్రెండ్‌కు బైక్ లోన్‌లో జామీను పడటం, లోన్ యాప్‌లు. రెండో కారణం కాపీ రిపోర్టులు. తాండూరు పక్క ఊరి కుర్రాడు నెట్ సెంటర్‌లో రెండు వేలు పోసి కొన్న రిపోర్టు తెచ్చాడు. అందులో మేకలు రాజస్థాన్ సిరోహి జాతివి, వర్షపాతం కూడా అక్కడిదే! ఊరి పేరు ఒక్కటే మార్చారు. చదివిన మేనేజర్ నవ్వి పక్కన పెట్టాడట. పెట్టడా మరి?

అపోహ: వ్యవసాయ డిగ్రీ ఉండాలి.

అగ్రి క్లినిక్స్‌కు వ్యవసాయం లేదా దాని అనుబంధ చదువు కావాలి. గొర్రెలకు, డెయిరీకి అక్కర్లేదు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటిలలో, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో, శిక్షణ, భోజనం, వసతి ఉచితం. అక్కడ సీటుకు ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అపోహ: లోన్ ఇప్పిస్తే చాలు, యువకులు ఊళ్లోనే నిలబడతారు.

బ్రెజిల్‌లో చిన్న రైతు కుటుంబాల పిల్లల కోసం 16 నుంచి 29 ఏళ్ల వాళ్లకు విడిగా రుణ పథకం ఉంది. నాకు నచ్చింది అది కాదు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో కుటుంబ సేద్యం చేసేవాళ్ల సరుకే కొనాలని 2009లో అక్కడ చట్టం చేశారు. పండించినదాన్ని కొనేవాడు ఖాయంగా ఉన్నాడన్న మాట. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో లోన్ ఎంతొస్తుందని అడగనివాడు లేడు. పాలు ఎవరు పోయించుకుంటారు, ఎంతకి, డబ్బు ఎన్ని రోజులకి వస్తుందని ఆలోచించి వచ్చినవాళ్లు మాత్రం అరుదు. అందుకే ఇప్పుడు రిపోర్టు మొదలుపెట్టేముందు కొనేవాళ్లు ముగ్గురి ఫోన్ నంబర్లు తెమ్మంటున్నాను. నంబర్ల కోసం వెళ్లిన వాళ్లలో సగం మంది తిరిగి రావడం లేదు. వచ్చినవాళ్ల ఫైలు కదులుతోంది.