హైడ్రాంజియా పూయడం లేదా? కత్తెర పక్కన పెట్టండి

న్యూజెర్సీలో మనవాళ్ళు ఇల్లు కొనగానే పెట్టే మొక్కల్లో హైడ్రాంజియా ఒకటి. నర్సరీలో నేను వినే ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే: "ఆకులు ఏపుగా ఉన్నాయండీ, ఒక్క పువ్వూ లేదు."

అపోహ: చలికాలం చివర మొక్కను పొట్టిగా కత్తిరిస్తే విరగబూస్తుంది.

వాస్తవం: రకం తెలియకుండా కత్తెర పెట్టకండి. నీలం, గులాబీ రంగుల్లో బంతుల్లాంటి గుత్తులు పూసే పెద్దాకుల రకం (మాక్రోఫిల్లా) జపాన్ నుంచి వచ్చింది. వచ్చే ఏటి మొగ్గలను ఈ వేసవి చివర్లోనే కొమ్మల కొసల్లో కట్టుకుంటుంది. మార్చిలో ఆ కొసలు తీసేస్తే జూన్ పూలు పోయినట్టే. ఎండుపుల్లల్లా ఉన్నాయని చాలామంది తీసేస్తారు. గోటితో కాస్త గీరండి, లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. తప్పదనుకుంటే పూలు వాడగానే, జూలైలో కత్తిరించండి.

పానిక్యులాటా, అనాబెల్ రకాల సంగతి వేరు. కొత్త చిగుళ్ళ మీదే పూస్తాయి కాబట్టి మార్చిలో ధైర్యంగా కత్తిరించొచ్చు. 2004లో మార్కెట్లోకి వచ్చిన ఎండ్‌లెస్ సమ్మర్ అనే రకం పాత కొమ్మల మీదా, కొత్త కొమ్మల మీదా పూస్తుంది.

కత్తెర ముట్టకపోయినా పూయలేదా? ఏప్రిల్ మంచుకు మొగ్గలు మాడి ఉంటాయి, లేదా జింకలు మేసి ఉంటాయి. లాన్‌కు చల్లిన నత్రజని ఎరువు మొక్క మొదట్లో పడినా అంతే, ఆకులే ఆకులు.

అపోహ: తుప్పు మేకులు పాతితే పూలు నీలమవుతాయి.

వాస్తవం: ఆ పని చేసేది ఇనుము కాదు, అల్యూమినియం. మట్టి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 లోపు ఉంటే అది కరిగి వేళ్ళకు అందుతుంది, పూలు నీలంగా వస్తాయి. 6.5 దాటితే అందదు, గులాబీ రంగే. సిమెంటు గోడ పక్కనున్న మొక్క గులాబీకి తిరగడానికి కారణం గోడలోంచి దిగి మట్టి పీహెచ్ పెంచే సున్నమే. అల్యూమినియం సల్ఫేట్ వేస్తే ప్యాకెట్ మీది మోతాదు దాటకండి, వేళ్ళు దెబ్బతింటాయి. భాస్వరం ఎక్కువున్న ఎరువు వేశారంటే అల్యూమినియం మట్టిలోనే చిక్కుకుపోతుంది. తెల్లపూల రకాన్ని మాత్రం ఎవరూ నీలం చేయలేరు. వాడేసిన కాఫీ పొడిలో పులుపు పెద్దగా మిగలదు, కంపోస్టులో వేసుకోండి.

అపోహ: మధ్యాహ్నం ఆకులు వేలాడితే వెంటనే నీళ్ళు పోయాలి.

వాస్తవం: సాయంత్రం దాకా ఆగండి. ఎండకు వాలిన ఆకులు వాటంతటవే లేస్తాయి. లేవకపోతే మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే మొదట్లో నిదానంగా, లోతుగా దిగేలా పోయండి.

అపోహ: నీడ మొక్క కదా, ఎండ అక్కర్లేదు.

వాస్తవం: పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు కావాలి. పానిక్యులాటాకు ఇంకా ఎక్కువే.

"హైదరాబాద్‌లో అమ్మకు ఒకటి కొనివ్వనా?" అని అడుగుతుంటారు. ఈ పెద్దాకుల రకానికి మొగ్గ కట్టాలంటే వారాల తరబడి చల్లదనం కావాలి, అందుకే ఊటీ, కొడైకెనాల్‌లలో అంత బాగా పూస్తుంది. హైదరాబాద్‌లో పూలతో కొన్న కుండీ ఆ విడత పూస్తుంది, మళ్ళీ పూయించడం కష్టం. మే ఎండకు ఆకుల అంచులూ మాడతాయి. అమ్మగారికి ముద్ద మందారం కొనివ్వండి.