మూడు భాషల టైంటేబుల్‌లో నాలుగో భాష

ఇచ్ఛాపురం, కవిటి వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమ్మతో ఒడియాలో పేచీ పెట్టి, వీధిలోకొచ్చి తెలుగులో ఆడుకుంటారు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న సీతంపేట కొండల్లో, ఇంట్లో సవర మాట్లాడే పిల్ల బడికొచ్చాక తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ పట్టుకోవాలి. ఇలాంటి చోట ‘మన పిల్లలు విదేశీ భాషలు మోయగలరా’ అని అడగడం విడ్డూరం. మోత బరువై కాదు, దించుకోవడానికి టైంటేబుల్‌లో చోటు లేక ఆగిపోతున్నారు.

ఈ ప్రాంతంలో పరాయి భాష పట్టుదలగా నేర్చిన పెద్దలకు కొదవ లేదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. అది తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష. అప్పటికి దానికి పాఠ్యపుస్తకమంటూ లేదు. మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా రాసుకున్నారు. 1931లో ఇంగ్లీషులో వ్యాకరణం, తర్వాత నిఘంటువులు వచ్చాయి. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు పారసీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెనుగులోకి దించారు. ఇద్దరికీ ఆ భాషలు మార్కుల కోసం కాలేదు. తర్వాతి కథంతా మార్కులదే.

1968 జాతీయ విద్యావిధానం త్రిభాషా సూత్రాన్ని ఖాయం చేసింది. హిందీయేతర రాష్ట్రాల్లో ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు. మన పదో తరగతిలో అది తెలుగు మొదటి భాష, హిందీ రెండో భాష, ఇంగ్లీషు మూడో భాషగా కుదురుకుంది. బడి మొత్తం ఇంగ్లీషు మీడియమైనా పరీక్ష కాగితం మీద ఇంగ్లీషు ఇప్పటికీ ‘మూడో భాషే’. మూడు గదులూ నిండిపోయాయి, నాలుగోది కట్టలేదు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. మిగతా వాటికి పాస్ మార్కు 35 అయితే హిందీకి 20. ఇరవైకి సరిపడా చదివి వదిలేసిన పిల్లవాడికి ‘కా, కీ’ తేడా సగంలోనే ఉండిపోతుంది. ఆ పిల్లవాడే రేపు ఫ్రెంచిలో ‘ల, లా’ దగ్గర, జర్మన్‌లో ‘డేర్, డీ, డాస్’ దగ్గర మళ్లీ అదే గోతిలో పడతాడు. ప్రాణం లేని వస్తువుకు లింగం ఉంటుందన్న అలవాటు హిందీ పీరియడ్‌లోనే పడాల్సింది.

ఇంటర్‌లో తలుపు కాస్త తెరిచారు. రెండో భాషగా సంస్కృతం, ఒడియా, అరబిక్, ఫ్రెంచి కూడా ఎంచుకోవచ్చు. ఆచరణలో పిల్లలు సంస్కృతం వైపు మళ్లేది కాళిదాసు కోసం కాదు, నూటికి తొంభైతొమ్మిది వస్తాయని. సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతుల జాబితాలో ఫ్రెంచి (కోడ్ 018), జర్మన్ (020) ఉన్నాయి. అయితే జాబితాలో ఉన్నంత మాత్రాన బడిలో ఉండదు, పంతులు కావాలి. 2011లో కేంద్రీయ విద్యాలయాలు జర్మన్ భాష నేర్పే గొయెథె సంస్థతో ఒప్పందం చేసుకుని జర్మన్‌ను మూడో భాషగా పెట్టాయి. 2014 నవంబరులో, విద్యాసంవత్సరం నడుస్తుండగానే, దాన్ని తీసి సంస్కృతం పెట్టారు. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2020 విద్యావిధానం కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ పేర్లు చెప్పి హైస్కూల్లో నేర్పవచ్చంది. అదే విధానం మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలనీ అంది. ఇంగ్లీషును ఎవరూ వదులుకోరు కాబట్టి విదేశీ భాషకు మిగిలేది మళ్లీ నాలుగో గదే. మన డీఎస్సీలో ఒడియా, సంస్కృతం పోస్టులు కనిపిస్తాయి గానీ జపనీస్ పంతులు పోస్టు కనిపించదు.

కాబట్టి ఇప్పటికి చదువు బడి బయటే. లెక్క ఇలా వేసుకోవాలి. భాష ఎంత వచ్చిందో చెప్పే ఐరోపా కొలతలో తొలి మెట్టు ఏ1కి సుమారు 60 నుంచి 150 గంటలు. రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, ఏడాదికి 40 వారాలు అనుకుంటే 120 గంటలు, అంటే ఏడాదికి ఒక మెట్టు. ఆదివారం ఒకేసారి మూడు గంటలు కూర్చున్నా వారం లెక్క అంతే, కానీ గురువారానికి సగం మాటలు ఎగిరిపోతాయి. పదో తరగతి ఏడాదిని లెక్కలోంచి తీసేయండి. ఏడులో మొదలుపెట్టి తొమ్మిది చివరికి ఒక భాషలో రెండో మెట్టు ఏ2 దాటితే చాలు. రెండో భాషను మొదటిది ఏ2 చేరాకే అందుకోవాలి. స్పానిష్, పోర్చుగీస్ లాంటి తోబుట్టువులను ఒకే ఏడాది మొదలుపెడితే రెండూ కలగాపులగమవుతాయి. జపనీస్, జర్మన్ పక్కపక్కన పెట్టినా అంత ముప్పు లేదు.

ఏ భాష తెలుగువాళ్లకు తేలికో ఇంగ్లీషు కొలతతో చూడకూడదు. ‘నేను బడికి వెళ్తాను’ అన్న వాక్యాన్ని జపనీస్‌లో ‘వతషి వ గక్కో ని ఇకిమస్’ అంటారు. ‘బడి-కి’, ‘గక్కో-ని’. వరుసా అదే, విభక్తి చోటూ అదే. ‘గడి, గడ్డి’ తేడా తెలిసిన చెవికి ‘కితె’ (వచ్చి), ‘కిత్తె’ (తపాలా బిళ్ల) కలగలిసిపోవు. చిక్కల్లా పుస్తకాలు ఇంగ్లీషులో ఉండటం వల్ల. పిల్లలు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి తిరగేసి, అక్కణ్నుంచి జపనీస్‌లోకి మళ్లీ తిరగేస్తారు. రెండు తిరగేతలూ దండగే. కంజీల (చైనా నుంచి జపనీస్ తెచ్చుకున్న అక్షరాల) భారం మాత్రం ఎవరికైనా భారమే.

తెలుగు అడ్డం పడే చోట్లూ ఉన్నాయి. మనది అజంత భాష, మాట చివర అచ్చు ఉండాల్సిందే, బస్‌ను బస్సు చేస్తాం. అదే నోటితో జర్మన్ ‘గూట్’ ‘గూటు’ అవుతుంది, కొరియన్ ‘హన్‌గుక్’ ‘హన్‌గుకు’ అవుతుంది. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవడం రెండు వారాలకు మించి వద్దు. ఫ్రెంచిలో ‘నువ్వు’, ‘అంతా’ అనే మాటలు రెండూ తెలుగులో ‘తు’ గానే రాస్తాం, పలుకు వేరు. మొదటిదానికి పెదవులు ‘ఊ’కి పెట్టినట్టు పెట్టి, లోపల నాలుకతో ‘ఈ’ అనాలి. అద్దం ముందు పది నిమిషాలు చేస్తే పట్టుబడుతుంది.

చివరకు పరీక్షలు. ఫ్రెంచి డెల్ఫ్‌లో నాలుగు నైపుణ్యాలకు 25 చొప్పున మార్కులు, 50 వస్తే పాస్. ఏ ఒక్కదానిలో 5 కంటే తగ్గినా పోయినట్టే. మాట్లాడటం మానేసి వ్యాకరణం బట్టీ పట్టేవాళ్లకు ఇక్కడే ఎదురుదెబ్బ. జపనీస్ పరీక్షలో తొలి మెట్టు ఎన్5కి 180లో 80 రావాలి, వినికిడిలో విడిగా 60కి 19 తప్పనిసరి. ఈ రెండు సర్టిఫికెట్లకూ గడువు లేదు, తొమ్మిదిలో రాసినా దాచుకోవచ్చు. కొరియన్ పరీక్ష టోపిక్ మాత్రం రెండేళ్లే చెల్లుతుంది. తొమ్మిది చివర రాస్తే ఇంటర్ పూర్తయ్యేలోపే మురిగిపోతుంది. భాష ఎప్పుడు మొదలుపెట్టినా ఆ ఒక్క పరీక్ష ఇంటర్ రెండో ఏడాదికి ఆపుకోవడమే మేలు.